తులసంటే ఏంటే?

మా అమ్మ బోటనీ లెక్చరర్. రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో పాఠం చెప్పేది. ఇంట్లోనూ చెప్పేది, కాకపోతే కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతూ. నాకు ఊహ తెలిసేసరికే వంకాయకి టమాటా, మిరపకాయ, బంగాళాదుంప, పొగాకు దగ్గర చుట్టాలని తెలుసు. "ఉమ్మెత్త కూడా ఆ ఇంటి పిల్లేనే. కాకపోతే ఒళ్ళంతా విషం. ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు కదా అలా" అని, ఎవరిని తలుచుకునేదో గానీ, తనలో తనే నవ్వుకునేది.

మా ఇంట్లో "గేటు మీద పిట్ట వాలింది" అంటే కుదిరేది కాదు. "పిట్టేంటి? ఏ పిట్ట?" అనేది అమ్మ. పువ్వు అంటే ఏ పువ్వు, పాము అంటే ఏ పాము, ఆకుకూర అంటే ఏ ఆకుకూర. సరిగ్గా పేరు చెప్పేదాకా వదిలేది కాదు. క్లాసులోనూ అంతే. "వర్గీకరణ అంటే పేర్లు బట్టీ పట్టడం కాదర్రా, ఎవరికి ఎవరు ఏమవుతారో తెలుసుకోవడం" అని మొదలుపెట్టేది. బోర్డు మీద పై నుంచి కిందికి మెట్లలా రాసేది. రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. "కిందికి దిగుతున్నకొద్దీ గుంపు చిన్నదవుతుంది, పోలిక దగ్గరవుతుంది. ఆఖరి మెట్టు జాతి. అక్కడిదాకా దిగితేనే ఆ మొక్కతో మీకు పరిచయం అయినట్టు. అప్పటిదాకా అది మీకు రోడ్డు మీద పోయే మనిషే."

నాన్నగారికి ఇవేవీ పట్టేవి కావు. ఆయన రైల్వేలో గుమస్తా. రోజూ పొద్దున్నే పాసింజరు ఎక్కి నిడదవోలు వెళ్ళి, పొద్దుగూకాక వచ్చేవారు. బచ్చలికూర తెమ్మంటే తోటకూర తెచ్చేవారు. "పచ్చగా ఉంది కదోయ్, ఏదైతే ఏం" అనేవారు. "మీతో కాపురం చేస్తూ పిల్లలకి బోటనీ చెబుతున్నానంటే నన్ను మెచ్చుకోవాలండి" అనేది అమ్మ. నేను ఒక్కదాన్నే కూతుర్ని. వాళ్ళిద్దరి మధ్య కూర్చుని నవ్వుతూ అన్నం తినేదాన్ని.

ఇంటర్ అయ్యాక అమ్మ కాలేజీలోనే డిగ్రీలో చేరాను. గేటు దాటగానే ఆవిడ మేడమ్. క్లాసులో నా వైపు చూసేది కూడా కాదు. సాయంత్రం రిక్షా ఎక్కాక నా చెయ్యి పట్టుకుని మళ్ళీ అమ్మ అయ్యేది. తొంభైల నడిమి సంవత్సరాలవి. మా ఇంట్లో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్ళీ రాలేదు.

నేను ఫైనలియర్‌లో ఉండగా మొదలైంది. ఒక సాయంత్రం వంటింట్లోంచి కేకేసింది. "ఒసేయ్, ఫ్రిజ్‌లోంచి ఆ కాయలు తే."

"ఏ కాయలు మేడమ్?" అన్నాను, ఆవిడ గొంతుతోనే.

నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. "అదే... పొడుగ్గా, చిన్నగా ఉంటాయి. తీగకి కాస్తాయి. అవే" అంది. దొండకాయలు తెచ్చి చూపించాను. "ఆ, అవే" అంది గానీ పేరు అనలేదు. నేను అన్నాక, కొత్త మాట నేర్చుకున్నట్టు మెల్లగా పలికింది. అలసిపోయిందనుకున్నాను.

తరవాత క్లాసులోనూ గమనించాను. చూడకుండా గంటలకొద్దీ చెప్పగలిగే మనిషి, పాత నోట్సు తెచ్చుకుని డిక్టేట్ చేయడం మొదలుపెట్టింది. ఎవరైనా కొమ్మ తెచ్చి "ఇదేంటి మేడమ్" అంటే, "మీరే చెప్పండి చూద్దాం" అనేది. మిగతా పిల్లలకి అది పాఠం చెప్పే పద్ధతిలాగే అనిపించింది. నేను మాత్రం ఆవిడ చేతిలోని నోట్సు వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ చలికాలంలో ఎప్పట్లాగే మడ అడవికి తీసుకెళ్ళింది. కాకినాడ దాకా బస్సు, కోరంగిలో పడవ. చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ ఆవిడ వెంట వెళ్ళేదాన్ని కాబట్టి ఆ పాఠం నాకు నోటికొచ్చు. ఉప్పుపొన్న గింజ తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ఆ తరవాతే బురదలోకి జారుతుందని చెప్పేటప్పుడు అమ్మ గొంతు మెత్తబడేది. కానీ పడవ దిగకముందే చెప్పే మొదటి మాట వేరే ఉండేది. "తిల్ల చెట్టు జోలికి వెళ్ళకండి. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది."

ఆ ఏడు ఆ మాట చెప్పలేదు. గట్టు మీద దిగి నాలుగడుగులు వేసి, ఎదురుగా ఉన్న కొమ్మని విరిచింది. విరిచిన చోట తెల్లటి పాలు ఉబికి చేతి మీదికి కారుతున్నాయి. ఆకుల్ని దగ్గరగా చూద్దామని కొమ్మని మొహం దగ్గరికి తీసుకుంటోంది.

"అమ్మా! తిల్ల!" అని అరిచాను. మేడమ్ అనాలన్న సంగతి మర్చిపోయాను.

నా వైపు చూసింది. "తిల్లా? తిల్ల అంటే?" అంది.

కొమ్మ లాగేసి అవతల పారేశాను. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ ఆవిడ చేతుల మీద పోశాను. వెనకనున్న అమ్మాయిల్లో ఒకతె నవ్వింది. "మేడమ్ మనకి టెస్టు పెట్టారే!" అంది. అందరూ నవ్వారు. అమ్మ వెంటనే అందుకుంది. "అవును, టెస్టే. ఒక్కరైనా పాస్ అయ్యారు" అంది. మొహం మీద నవ్వు ఉంది. నా చేతుల్ని మాత్రం గట్టిగా పట్టుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టుకుంది. పిల్లలు అంత్యాక్షరి పాడుతున్నారు. "నీకో మాట చెబుతాను. మీ నాన్నగారితో అనకు" అంది.

"ఏంటమ్మా?"

"ఇవాళ అక్కడ నాకు అన్నీ ఒకటేలా కనిపించాయే. చెట్లు. అంతే. చెట్లు." కిటికీ బయట వెనక్కి పోతున్న చెట్ల వైపు చూసింది. "పేర్లు పోతున్నాయంటే వయసులే అనుకున్నాను. పేర్లతోపాటు మొక్కలూ పోతున్నాయే, తల్లీ."

నాన్నగారితో అనకుండా ఉండలేకపోయాను. రాజమండ్రిలో చూపించిన డాక్టర్లు నీరసమన్నారు, ఆడవాళ్ళకి ఆ వయసులో ఇవన్నీ మామూలేనన్నారు, బలానికి మాత్రలు రాశారు. మాత్రలు అయిపోయాయి. అమ్మ వంకాయని "కాయ" అనడం, చిలకని "పక్షి" అనడం మానలేదు. నా పరీక్షలు కాగానే నాన్నగారు సెలవు పెట్టి ముగ్గురం విశాఖపట్నం వెళ్ళాం.

అక్కడి డాక్టర్ గారు పెద్దాయన, నెమ్మదైన మనిషి. తల ఫొటోలు తీయించాక, అమ్మని కూర్చోబెట్టి బొమ్మలు ఒక్కొక్కటే చూపించారు. కాకి బొమ్మ చూపించి "ఇదేంటమ్మా?" అన్నారు.

"పక్షండి."

నెమలి. "పక్షి." కొంగ. "పక్షే కదండీ."

జింక బొమ్మ దగ్గర చాలాసేపు ఆలోచించింది. "కుక్క" అంది. నా వైపు తిరిగి, "కాదా?" అంది. పరీక్ష హాల్లో పక్క పిల్లని అడిగినట్టు అడిగింది. నేను తల దించుకున్నాను.

మరి ఆ రోజు తారీఖు ఎంత, పొద్దున ఏం తిన్నారు, ఏ రైల్లో వచ్చారు అని అడిగితే అన్నీ తడుముకోకుండా చెప్పింది. రైలు తుని దగ్గర ఎంతసేపు ఆగిందో కూడా చెప్పింది. నాన్నగారి మొహం విచ్చుకుంది. డాక్టర్ గారి మొహం మారలేదు.

అమ్మని బయట కూర్చోబెట్టి మాకు చెప్పారు. "మామూలు మతిమరుపు కాదండి ఇది. జరిగినవి గుర్తుంటాయి. ఏ వస్తువు ఏంటన్న ఎరుక పోతుంది. మెదడులో దానికో చోటుంది. ఆ చోటు ఎండిపోతోంది. ముందు చిన్న చిన్న తేడాలు పోతాయి. కాకికీ పిచ్చుకకీ తేడా పోయి పక్షి మిగులుతుంది. తరవాత పక్షికీ జంతువుకీ తేడా కూడా పోతుంది."

"మందేమైనా ఉందాండీ?" అన్నారు నాన్నగారు.

"లేదండి."

నాకు బోర్డు మీద అమ్మ రాసే మెట్లు కళ్ళముందుకొచ్చాయి. ఆఖరి మెట్టు ముందు విరుగుతోంది. తరవాత దాని పై మెట్టు. ఆవిడ ఏ పాఠం చెబుతూ బతికిందో, సరిగ్గా ఆ పాఠమే కింది నుంచి పైకి చెరిగిపోతోంది. బయటికి రాగానే అమ్మ లేచి నిలబడి, "ఏమన్నారండీ?" అంది. నాన్నగారు జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకుంటూ, "విశ్రాంతి తీసుకోమన్నారోయ్" అన్నారు. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తెలిసిపోయింది ఆవిడకి.

ఆ జూన్‌లో ఉద్యోగం మానేసింది. కాలేజీలో శాలువా కప్పి, దండ వేసి సభ చేశారు. మాట్లాడమంటే లేచి, "మీకందరికీ పేర్లు బాగా నేర్పాననే అనుకుంటున్నాను. వాటిని జాగ్రత్తగా ఉంచుకోండి" అని కూర్చుంది. ముందు వరసలో పిల్లలు ఏడ్చారు. ఇంటికొచ్చాక మెడలోంచి తీసిన దండ చేత్తో పట్టుకుని, "ఇవేం పువ్వులే?" అంది. బంతిపూలన్నాను. "బంతి" అని రెండుమూడు సార్లు అనుకుని, ఆ దండ పట్టుకునే పడుకుంది.

అప్పటి నుంచి నాన్నగారు మారారు. ఆదివారం వస్తే అమ్మని బస్సెక్కించి కడియం నర్సరీలకి తీసుకెళ్ళేవారు. బారులు తీరిన మొక్కల మధ్య ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, నర్సరీ వాళ్ళని ప్రతిదాని పేరూ అడిగేవారు. ఇంటికొచ్చి నన్ను పక్కకి పిలిచి, "నందివర్ధనమంటే ముద్దగా ఉండేదా, రేక విడిగా ఉండేదా?" అని అడిగేవారు. రెండూ ఉంటాయంటే చిరాకుపడేవారు. తోటకూరకీ బచ్చలికూరకీ తేడా తెలియని మనిషి, యాభై దాటాక కూర్చుని మొక్కలు నేర్చుకున్నారు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఇన్నేళ్ళూ అది చెబితే నేను వినలేదే. ఇప్పుడు దానికి ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి కదా" అన్నారు.

రోజూ సాయంత్రం డాబా మీద కుండీల మధ్య కుర్చీలు వేసుకుని చెప్పేవారు. "ఇది మరువం. ఇది దవనం. ఇది నువ్వు పెద్దాపురం నుంచి తెచ్చుకున్న మల్లె అంటు. మీ అమ్మగారింటిది." అమ్మ వినేది. "బాగుంది" అనేది. ప్రతిదానికీ అదే మాట. బాగుంది.

ఒక ఉదయం పెరట్లో తులసి కోట దగ్గర దీపం పెట్టి నేను వెనక్కి తిరిగేసరికి అమ్మ వెనకే నిలబడి ఉంది. "తులసికి నీళ్ళు పొయ్యనా అమ్మా, నువ్వు పోస్తావా?" అన్నాను.

"తులసి" అంది. ఆ మాట వినగానే, క్లాసులో అప్పజెప్పినట్టు గడగడా అనేసింది. "తులసి. ఆసిమమ్ సాంక్టమ్. కుటుంబం లేబియేటే. కాండం నలుపలకలుగా ఉంటుంది. ఆకులు అభిముఖంగా అమరి ఉంటాయి. పుష్పం ద్విఓష్ఠాకారం." ఒక్క అక్షరం తప్పు పోలేదు. తిరిగి వచ్చేసిందనుకున్నాను. చెంబు కింద పెట్టి ఆవిడ రెండు భుజాలూ పట్టుకున్నాను.

అమ్మ నా మొహంలోకి చూసి, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "తులసంటే ఏంటే?"

తులసి కోట మా ఇద్దరి మధ్యే ఉంది. ఆకులు ఆవిడ చీర కొంగుకి తగులుతున్నాయి.

చూపించాను. ఒక ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టాను. వాసన చూసింది. "బాగుంది" అంది. ఆ మాటలన్నీ ఆవిడ నోట్లో మిగిలిపోయాయి, వాటి వెనకాల ఏమీ లేదు. కొన్నాళ్ళకి ఆ మాటలు కూడా పోయాయి.

వంట మాత్రం చేసేది. చేతులకి అలవాటైన పని కదా, చేసుకోనిద్దాం అనుకున్నాం. నాకు అప్పటికి బళ్ళో సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పక్కన చేటలో కడిగి, తరిగిన ఆకు ఉంది. పాలకూరేమో అనుకుంటూ చేతిలోకి తీసుకున్నాను. అంచులు వంకరటింకరగా ఉన్నాయి. వాసన వేరేగా ఉంది. పెరటి గోడ పక్క ఖాళీ స్థలంలో మొలిచిన ఉమ్మెత్త.

"అమ్మా, ఇది పప్పులో వేశావా? తిన్నావా?" అన్నాను.

"ఇంకా వెయ్యలేదే. ఎందుకూ? ఆకే కదా? పచ్చగా ఉంది" అంది.

చేట పట్టుకెళ్ళి పెంటకుప్పలో పారేసి, పప్పు కూడా పారబోశాను. నమ్మకం లేక ఆవిడ నోరు తెరిపించి చూశాను. చిన్నపిల్లలా నోరు తెరిచింది. ఆ రోజు నుంచి ఆవిడని పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వలేదు. ఎందుకు వద్దంటున్నామో ఆవిడకి అర్థం కాలేదు. నేను వంట చేస్తుంటే గడప అవతల నిలబడి, చేతులు కొంగులో చుట్టుకుని చూస్తూ ఉండేది. "నేనేం తప్పు చేశానండీ?" అని నాన్నగారిని అడుగుతుంటే విన్నాను. ఆయన వచ్చి ఆవిడ పక్కనే, ఆ గడప మీదే కూర్చున్నారు.

ఆ తరవాత ఏళ్ళు ఎలా గడిచాయో వివరంగా చెప్పలేను. పిల్లి, మేక, గేదె అన్నీ కుక్కలయ్యాయి. తరవాత కుక్క అన్న మాట కూడా వదిలిపెట్టి "అది" అనేది. మనుషుల విషయంలోనూ అంతే. పిన్ని, పక్కింటావిడ, పాలమ్మాయి, అందరూ "అమ్మాయే". నేను కూడా. "అమ్మాయ్, ఇలా రా" అని మర్యాదగా పిలిచేది. పరాయి పిల్లని పిలిచినట్టుండేది. నాన్నగారిని మాత్రం చాలాకాలం గుర్తుపట్టింది. ఆయన రైలు దిగి ఇంటికొచ్చే వేళకి గేటు దగ్గర నిలబడేది. ఒక సాయంత్రం ఆయన గేటు తీసి లోపలికొస్తుంటే, పక్కకి తప్పుకుని, పైట సర్దుకుని, "ఆయన ఇంట్లో లేరండి" అంది.

నాన్నగారు అక్కడే ఆగిపోయారు. "అలాగేనండి. వచ్చేదాకా కూర్చోవచ్చాండి?" అన్నారు. అరుగు మీద కూర్చున్నారు. చీకటి పడేదాకా ఇద్దరూ అలా కూర్చున్నారు, ఆయన కోసం ఎదురుచూస్తూ.

రెండు వేల సంవత్సరం దాటాక, ఒక వానాకాలం, గోదారి ఎర్రగా పొంగి ఉన్న రోజుల్లో అమ్మకి జ్వరం వచ్చింది. మింగడం కూడా మర్చిపోయింది. ఊపిరితిత్తుల్లోకి నిమ్ము చేరిందన్నారు. ఆసుపత్రిలో మంచం పక్కన నాన్నగారు కూర్చుని, ఇంకా చెబుతూనే ఉన్నారు. డాబా మీద ఏది మొగ్గ తొడిగిందో, ఏది వానకి కుళ్ళిందో. పేరు పేరునా చెబుతున్నారు. నర్సు వచ్చి, నాడి చూసి, ఆయన భుజం మీద చెయ్యి వేసేదాకా ఆపలేదు. పగటి పూటే పోయింది. బయట వాన ఆగలేదు.

కుండీలు డాబా మీద అలాగే ఉండిపోయాయి. నీళ్ళు పొయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు. వాన పడినన్నాళ్ళూ బతికాయి, ఎండాకాలానికి చాలామటుకు పోయాయి. నాన్నగారు రిటైరయ్యాక నాకు నరసాపురం వైపు బదిలీ అయింది. ఇద్దరం అక్కడికి మారిపోయాం.

ఒక రోజు బడి పని మీద సఖినేటిపల్లి వెళ్ళాలని గోదారి దాటించే పంటు ఎక్కాను. సైకిళ్ళు, మోటార్ సైకిళ్ళ మధ్య ఒకావిడ నన్ను అదే పనిగా చూసి, జనాన్ని తప్పించుకుంటూ దగ్గరికొచ్చింది.

"మీరు రాజమండ్రి బోటనీ మేడమ్ గారి అమ్మాయి కదండీ? నేను మీకు సీనియర్ని. మేడమ్ గారి స్టూడెంట్‌ని!"

అవునన్నాను. చెయ్యి పట్టేసుకుంది. సంతోషం పట్టలేక గబగబా మాట్లాడేస్తోంది. పెళ్ళయి కోనసీమలో స్థిరపడిందట. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పాఠాలతోనే పెరట్లో మొక్కలన్నీ అత్తగారికి పరిచయం చేసిందట. కూతురు ఇప్పుడు ఇంటర్‌లో బైపీసీ తీసుకుందట. "వర్గీకరణ అంటే చాలు, ఏడుస్తుందండి మా పిల్ల. ఆ లాటిన్ పేర్లు తలకెక్కట్లేదంటుంది. ఎప్పటినుంచో అనుకుంటున్నాను, ఒక్క రోజు మేడమ్ గారి దగ్గర కూర్చోబెడితే చాలని. మేడమ్ గారు ఎలా ఉన్నారండీ? ఇప్పటికీ అంత హుషారుగా చెబుతారా?"

పంటు నది మధ్యకి వచ్చింది. ఇంజను చప్పుడులో గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. "అమ్మ పోయిందండి."

ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఎప్పుడండీ? ఏమైందండీ?"

జ్వరం అని చెప్పాను. అంతకుమించి చెప్పలేదు. ఆవిడ మనసులో అమ్మ ఇంకా బోర్డు ముందు నిలబడి ఉంది. ఆ అమ్మని తీసేసి నా దగ్గరున్న అమ్మని ఇవ్వబుద్ధి కాలేదు.

ఆవిడ ఏడ్చింది. పంటు ఒడ్డుకి చేరి జనం తోసుకుంటూ దిగుతున్నా నా చెయ్యి వదల్లేదు. దిగాక, "మీరేం చేస్తున్నారండీ?" అని అడిగింది. టీచర్నన్నాను. "అయితే మా పిల్లకి మీరు చెప్పండి" అంది.

చెబుతానన్నాను. ఆవిడ ఊరు వెళ్ళే ఆటో వైపు నడిచింది, నేను అక్కడి బడి వైపు నడిచాను. పని చూసుకుని సాయంత్రం ఇంటికొచ్చాక నాన్నగారికి ఈ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తున్నారు. అమ్మ పోయిందన్న మాట ఒక్క రోజులో రెండోసారి అనలేక, అన్నం వడ్డించి పిలిచాను. ఇద్దరం కూర్చుని తిన్నాం.